పాత ఇంటి మీద 20 లక్షలు: లోపల పెట్టాలా, పైన పెట్టాలా?

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు 30×40 అడుగుల సైటు కొని ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇల్లు పాతబడింది, చేతిలో ఓ 20 లక్షలు ఉన్నాయి. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, కొత్త టైల్స్ వేయించుకోవాలా, లేక పైన ఇంకో అంతస్తు వేయాలా? రేపు అమ్మితే ఏది తిరిగొస్తుంది? నా అభిప్రాయం ముందే చెప్తాను. పునాది, ప్లాను ఒప్పుకుంటే పై అంతస్తే మేలు. ఒప్పుకోకపోతే ముందు నీళ్లు, చెమ్మ, కాగితాల సంగతి చూసుకోండి.

ఎందుకంటే రేటు పెరిగేది స్థలానికి. కట్టడానికి ఏటా వయసు మీద పడుతుంది. బ్యాంకు తరఫున వచ్చే వాల్యుయర్ సైటుకు మార్కెట్ రేటు వేస్తాడు. ఇంటికి మాత్రం ఈరోజు కడితే అయ్యే ఖర్చు లెక్కగట్టి, అందులోంచి అరుగుదల తీసేస్తాడు. ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) కట్టడం ఆయుష్షు 60 ఏళ్లనుకుంటే, 15 ఏళ్ల ఇంటికి పావు వంతు విలువ పోయినట్టే. ఈ లెక్కలో మీ కప్‌బోర్డులకు దక్కేది చాలా తక్కువ. పైగా ఇలాంటి సైట్లు కొనేవాళ్లలో చాలామంది పాత ఇల్లు పడగొట్టి, అద్దెల కోసం మూడు నాలుగు అంతస్తులు కట్టాలనే వస్తారు. వాళ్లకు మీ ఇటాలియన్ మార్బుల్‌తో పనేముంది? ఇంకో పదేళ్లు అక్కడే ఉంటామంటే ఇంటీరియర్ హాయిగా చేయించుకోండి. ఇంట్లో ఆడవాళ్లు ఇరుకు వంటగదిలో ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతుంటే అది మార్చడం అవసరమే. కానీ ఆ డబ్బును పెట్టుబడి అనుకోవద్దు.

పై అంతస్తు సంగతి వేరు. 900 చదరపు అడుగులు, అడుగుకు 2,200 చొప్పున వేసుకుంటే సుమారు 20 లక్షలు. నెలకు 20,000 అద్దె వస్తే ఏడాదికి 2.4 లక్షలు. మరమ్మతులు, పన్నులు పోను కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే మెరుగే. కొనేవాడు కూడా వచ్చే అద్దె చూసే ధర మాట్లాడతాడు. అయితే ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీదే ఉందా, ఫుటింగ్ (పిల్లరు కింది పునాది) ఎంత బరువుకు వేశారు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. "ఏం కాదు సార్, ఆగుతుంది" అన్న మేస్త్రీ మాట చాలదు.

రెండోది ప్లాను. అనుమతి లేని అంతస్తును బ్యాంకు సాధారణంగా విలువలో కలపదు. అప్పు మీద కొనేవాడికి అంత లోను రాదు, కాబట్టి అంత ధరా ఇవ్వడు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. చిన్న సైట్లకు రాష్ట్రం ఇచ్చే సడలింపులు మారుతుంటాయి, పని మొదలుపెట్టే ముందు కనుక్కోండి. 2024 అక్టోబరు నుంచి నగరంలో రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే నగరపాలక ఆన్‌లైన్ పత్రం) తప్పనిసరి. అది చేతిలో లేకపోతే అంతస్తు ఎంత బాగున్నా బేరం అక్కడే ఆగుతుంది.

ఇక ఎవరూ గొప్పగా చెప్పుకోని ఖర్చు ఒకటుంది. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం జనం పడిన టెన్షన్ ఈ ఊరు మర్చిపోలేదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది కావేరి నీటి కనెక్షన్ గురించే. సంపు, వాననీటి గుంత, శ్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించినందుకు ఎవరూ ఎక్కువ ఇవ్వరు. కానీ గోడ మీద చెమ్మ మరక కనిపిస్తే, బాగుచేయడానికి అయ్యేదాని కంటే ఎన్నో రెట్లు తగ్గించి అడుగుతారు. అందుకే 20 లక్షల్లో మొదటి రెండు మూడు లక్షలు ఇక్కడే పెట్టమంటాను.

ఫ్లాటు ఉన్నవాళ్లకు పైన వేసే దారి లేదు. అద్దెకిచ్చేటట్లయితే వార్డ్‌రోబులు, గీజర్, చిమ్నీ వరకు చాలు.

ఏం చేసినా బిల్లులు దాచండి, డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. అమ్మినప్పుడు వచ్చే లాభంలోంచి అంతస్తు వేసిన ఖర్చును తీసేసుకోవచ్చు, మామూలు రంగులు, రిపేర్లు కుదరవు. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే పన్ను లెక్కలో భారత్ నివాసులైనవారికి 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. రసీదు లేకపోతే ఏ పద్ధతిలోనైనా ఆ ఖర్చు చూపించడం కష్టం.