ఎండ ఎక్కితే ముక్కెత్తే ట్రైనర్: రెండు వేసవుల వాడకం తర్వాత

ఇది రిమోట్‌తో ఎగరేయడం నేర్చుకునేవాళ్ల మోడల్ విమానం, బాల్సా అనే తేలిక కర్రతో చేసింది. ఈ 40 సైజ్ (0.40 ఘనపు అంగుళాల ఇంజిన్ తరగతి) ట్రైనర్ మీద ఉన్న కోపమంతా ఒక్క వస్తువు మీదే. తోక దాకా పోయే ఎలివేటర్ పుష్ రాడ్ అది, అంటే బాడీ లోపలి సర్వో (చిన్న మోటారు) కదలికని తోక మీద ముక్కుని ఎత్తీ దించే పలకకి, ఎలివేటర్‌కి, చేర్చే కడ్డీ. పెట్టెలో వచ్చేది ప్లాస్టిక్ గొట్టంలో జారే నైలాన్ రాడ్. రెక్క పొడవు, మోటారు సైజు పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. చంద్రగిరి వైపు ఎండిన చెరువులో పొద్దున ఆరున్నరకి స్టిక్ వదిలేసినా దారం పట్టినట్టు నేరుగా పోయే విమానం, పదిన్నరయ్యేసరికి ముక్కెత్తి పైపైకి పాకుతుంది. రిమోట్ మీద పది పన్నెండు క్లిక్కులు డౌన్ ట్రిమ్ (స్టిక్ వదిలేసినా ముక్కుని కిందికి పట్టి ఉంచే సర్దుబాటు) కొడితేగానీ దారికి రాదు.

అసలు చిక్కు మర్నాడు పొద్దున. ట్రాన్స్‌మిటర్‌కి, అంటే చేతిలోని రిమోట్‌కి, నిన్నటి డౌన్ ట్రిమ్ గుర్తుంటుంది, రాడ్‌కి మాత్రం గుర్తుండదు. నేల వదిలిన మరుక్షణమే ముక్కు వాలుతుంది. అలా ఒకసారి ముందు చక్రం కమ్మీ వెనక్కి వంగి, దాన్ని పట్టుకున్న ఫైర్‌వాల్ (ముక్కు దగ్గర మోటారు బిగించే అడ్డుపలక) ప్లైవుడ్ నిలువునా చీలింది.

మొదట అనుమానం అందరికీ మోటారు మీదే పోతుంది. తేల్చుకోవడం తేలికే: ఎత్తులో సగం థ్రాటిల్‌తో లెవెల్‌గా పోతుండగా థ్రాటిల్ పూర్తిగా తీసేయాలి. పవర్ ఉన్నప్పుడే ముక్కెత్తి, గ్లైడ్‌లో సర్దుకుంటే డౌన్ థ్రస్ట్ (మోటారు కిందికి వాలి ఉండే కోణం) చాలడం లేదని అర్థం. మోటారు మౌంట్ పై రెండు స్క్రూల వెనక ఒక్కో వాషర్ వేస్తే చాలు. ఇక్కడ గ్లైడ్‌లోనూ అదే వరస.

తర్వాత సీజీ, అంటే విమానం బరువంతా తూగే బిందువు. 350 గ్రాముల బ్యాటరీ వెల్క్రో మీద 20 మిల్లీమీటర్లు వెనక్కి జారితే, 2.5 కిలోల విమానంలో సీజీ దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. బ్యాటరీ అంచు దగ్గర స్కెచ్ పెన్‌తో గీత పెట్టి చూస్తే జరగలేదని తేలింది. రబ్బరు బ్యాండ్లు ఎండకి సాగి రెక్క లేచిందేమో అని కొత్తవి వేసినా మార్పు లేదు.

దొంగ దొరికింది స్టీల్ స్కేలుతో. స్టెబిలైజర్ (ఎలివేటర్ ముందుండే కదలని తోక రెక్క) కింద స్కేలు ఆనించి పొద్దున చూస్తే ఎలివేటర్ సరిగ్గా దాని వరుసలోనే ఉంది. పదిన్నరకి, ట్రిమ్ సున్నాకి తెచ్చి చూస్తే, సర్వో చెయ్యి పెన్సిల్ గీత మీదే ఉంది గానీ ఎలివేటర్ వెనక అంచు 2 మిల్లీమీటర్లకి కాస్త తక్కువగా పైకి లేచి ఉంది. వేపచెట్టు నీడలో అరగంట పెట్టి, హాచ్ (బాడీ మూత) తెరిచి గాలాడనిస్తే, ఎవరూ ముట్టుకోకుండానే చాలావరకు దిగిపోయింది.

లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ లేదు. నైలాన్ మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకీ సుమారు 0.08 మిల్లీమీటర్లు సాగుతుంది. 60 సెంటీమీటర్ల రాడ్, పది డిగ్రీల తేడా అంటే అర మిల్లీమీటరు. బాల్సా మాత్రం పొడవునా దాదాపు సాగదు, కాబట్టి ఆ అర మిల్లీమీటరూ నేరుగా హార్న్‌నే, అంటే ఎలివేటర్‌కి బిగించిన చిన్న మీటనే, నెడుతుంది. హార్న్ ఎలివేటర్ కింద ఉంది, హింజ్ (కీలు) నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో. నెడితే ఎలివేటర్ రెండున్నర డిగ్రీలు పైకి లేస్తుంది. మే నెలలో మన దగ్గర ఆ పది డిగ్రీలు పొద్దుటికీ పదిన్నరకీ మధ్యే వచ్చేస్తాయి, పైన కప్పే ముదురు రంగు ప్లాస్టిక్ ఫిల్మ్ కింద బాడీ లోపల ఇంకా ఎక్కువే.

మందు కార్బన్ గొట్టం. బయట 4 మిల్లీమీటర్లు, లోపల 2 మిల్లీమీటర్లుండేది తీసుకుని, రెండు చివర్లా 2 మిల్లీమీటర్ల మరల కడ్డీ ముక్కలు 25 మిల్లీమీటర్ల లోతు దూర్చి, 30 నిమిషాల ఎపాక్సీతో అతికించాలి. ఆ భాగం కడ్డీని ముందుగా ఎమరీ కాగితంతో గరుకు చేయకపోతే జారి ఊడుతుంది. బయట నూలుదారం బిగించి చుట్టి, దాని మీద కూడా ఎపాక్సీ రాయాలి. గొట్టాన్ని తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని కోయాలి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పాత రాడ్ వంపు తిరిగి పోయేది, ఇది వంగదు. అందుకే తోక పక్కన 6 × 25 మిల్లీమీటర్ల కొత్త గాడి కోయక తప్పదు. కార్బన్ రేడియో సిగ్నల్‌కి అడ్డు కాబట్టి రిసీవర్ యాంటెన్నా దానికి ఎడంగా ఉండాలి.

ఆ తర్వాత అన్నీ మొదటి నుంచి. ట్రిమ్, సబ్‌ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సర్దుబాటు) సున్నా, సర్వో చెయ్యి నిటారు, మిగతాది క్లెవిస్ (రాడ్ చివర హార్న్‌కి తగిలించే కొక్కెం) తిప్పి. ఒక చుట్టు అంటే 0.4 మిల్లీమీటర్లు, ఇంచుమించు రెండు డిగ్రీలు, కాబట్టి అరచుట్టు చొప్పున పోవాలి. క్లెవిస్ తెరుచుకోకుండా సిలికాన్ గొట్టం ముక్క తొడగడం మరవొద్దు. ఇప్పుడు పొద్దుటికీ పదిన్నరకీ తేడా రెండు క్లిక్కులు మించదు.

కొన్న కొత్తలో రెక్కల గురించి తెగ పొగిడాను, ఎయిలరాన్ (విమానాన్ని పక్కలకి వాల్చే రెక్క పలక) ట్రిమ్ ముట్టుకోనక్కర్లేదని. మొదటి వేసవి వరకు అది నిజమే. ఆ తర్వాత ఎడమ రెక్క ఫిల్మ్ ముడతలు పడి చివర కొంచెం మెలి తిరిగింది. మెలికకి ఎదురు తిప్పి పట్టుకుని కవరింగ్ ఐరన్‌తో మళ్లీ బిగిస్తే సరిపోయింది గానీ, ఏటా ఒకసారి చేయాల్సి వస్తోంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున గంటసేపే ఎగరేసేవాళ్లు రాడ్ జోలికి పోనక్కర్లేదు. ఆదివారం చెరువులోనే మధ్యాహ్నం చేసేవాళ్లయితే మొదటి ఫ్లైట్‌కి ముందే మార్చేయండి. రేణిగుంట విమానాశ్రయం వైపు మాత్రం పోకండి, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి. ధరకి తగ్గ విమానమేనా అంటే, బాల్సా పని వచ్చిన చేతికి తగినదే. రడ్డర్ (తోక మీద నిలువు పలక) రాడ్, ముందు చక్రాన్ని తిప్పే రాడ్ మాత్రం ఇంకా నైలాన్‌వే ఉన్నాయి. గాలిలో వాటి తేడా తెలియదు, నేల మీద ముందు చక్రమే ఎండ ఎక్కేకొద్దీ ఒక పక్కకి లాగుతోంది.