ఓపెనింగ్ బిడ్ చూసి మురిసిపోకండి, రిజర్వ్ సంగతి తేల్చుకున్నాకే పాడండి

ఆన్‌లైన్ వేలంలో కారు కొందామనుకునేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. నాకు డబ్బేమీ పోలేదు, కానీ పదకొండు రోజులు డిపాజిట్ ఇరుక్కుపోయింది, ఈలోగా ఇంకోచోట చేతికందిన మంచి బండి కూడా జారిపోయింది.

నేను చూసిన కారు ఓపెనింగ్ బిడ్ బయట రేటులో ఐదో వంతు కూడా లేదు. అసలు పొరపాటు దాన్ని ధర అనుకోవడమే. అది పాట ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె, అంతే. నలుగురు పోగవ్వాలని కావాలనే అంత కింద పెడతారు. ఇంతకు తగ్గితే ఇవ్వను అని అమ్మేవాళ్లు పెట్టుకునేది రిజర్వ్, అది చాలాచోట్ల మనకు చూపించరు, 'రిజర్వ్ ఇంకా అందలేదు' అన్న ముక్క ఒక్కటే కనిపిస్తుంది. అది ఉన్నంతసేపు మీరు అందరికన్నా పైన ఉన్నా ఆ బండి మీది కాదు.

ఆఖరి రెండు నిమిషాల్లో నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. పైన ఉన్నది నేనే, ఎదురు పాడేవాళ్లు ఎవరూ లేరు, అయినా ఆ ముక్క పోవట్లేదని మూడుసార్లు నా బిడ్ నేనే పెంచుకున్నాను! పెంచినప్పుడల్లా టైమ్ ఇంకో రెండు నిమిషాలు పెరిగింది. అయినా రిజర్వ్ అందలేదు.

పాట ముగిశాక 'అమ్మకందారు నిర్ణయం కోసం' అని వచ్చింది. సరే, వదిలేద్దాం అనుకుంటే వదలనివ్వరు. రిజర్వ్ కన్నా తక్కువైనా సరే, వాళ్లు ఒప్పుకుంటే కొనాల్సిందేనని, అప్పటిదాకా డిపాజిట్ వెనక్కి రాదని షరతుల్లో ఎక్కడో అడుగున రాసి ఉంది. నేను చదవలేదు, తప్పు నాదే. మధ్యలో ఒకసారి నా బిడ్ మీద ఇంకా చాలా పెంచమని అడిగారు, కుదరదన్నాను, చివరికి అమ్మట్లేదని చెప్పేశారు.

ఆటోబిడ్ (మన గరిష్ఠం ముందే చెప్తే అందాకా సిస్టమే మన తరఫున పాడటం) పెట్టేవాళ్లు ఇంకో సంగతి గమనించండి. మన గరిష్ఠం 90, రిజర్వ్ 80, ఎదుటివాళ్ల పాట 45 అనుకోండి. మనది 46 దగ్గర ఆగుతుందనుకుంటాం కదా, చాలాచోట్ల సిస్టమ్ మన బిడ్‌ని తిన్నగా 80కి లేపేస్తుంది. ఎవరో కావాలని పెంచారని గొడవ పడకండి, అది రిజర్వ్ పని. కొన్నిచోట్లయితే రిజర్వ్ వచ్చేదాకా అమ్మేవాళ్ల తరఫున నిర్వాహకులే పాడొచ్చని రూల్సే ఉంటాయి, కాబట్టి ఎదురు బిడ్ కనిపించిందని అక్కడ నిజంగా మనిషి ఉన్నాడనుకోవద్దు.

రిజర్వ్ లేదని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం ఆ తక్కువ అంకె నుంచి ఎంత దాకా వెళ్తే అంతకే ఇచ్చేస్తారు, అక్కడ ధైర్యంగా పాడొచ్చు. చాలాచోట్ల గెలిచిన ధర మీద కొనుగోలుదారు ఫీజు, పన్నులు విడిగా పడతాయి, మీ గరిష్ఠం అవి తీసేసి పెట్టుకోండి.

ఆ కారు నిన్న మళ్లీ వేలానికి వచ్చింది. ఓపెనింగ్ బిడ్ అదే అంకె. అప్పుడే తొమ్మిది మంది పాడేశారు.