ఇంటి ప్రార్థనలో పాట: పుస్తకమా, ఫోనా?

ఖర్చు: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. ఫోను ఎలాగూ చేతిలో ఉన్నదే.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం ఉంటాయి గానీ, బాణీ ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. మా ఇంట్లో అమ్మమ్మ ఎత్తుకునేది. పల్లవి రెండోసారికి పిల్లలం అందుకునేవాళ్లం. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తనలు మాకు అలాగే నోటికొచ్చాయి. యూట్యూబ్ పెడితే ఆ బాధ లేదు.

చిక్కు: ఫోను పాడుతుంటే మనం వింటూ కూర్చుంటాం. మధ్యలో ప్రకటన, ఆపైన వాట్సాప్. పుస్తకంతో అయితే, శ్రుతి ఎక్కువై చరణంలో గొంతు అందదు, అంతే!

బాణీ తెలిసిన పెద్దవాళ్లుంటే పుస్తకం. కొత్త దంపతులకు, హాస్టల్ పిల్లలకు మొదటి వారం ఫోను. ఆ తర్వాత దాన్ని పక్కనపెట్టి పుస్తకం.