మేయరును మనం ఎన్నుకుంటే మేలా, కార్పొరేటర్లు ఎన్నుకుంటే మేలా?

పదిహేను వందల ఓట్లున్న కోనసీమ పల్లెలో సర్పంచిని ఊరంతా కలిసి నేరుగా ఎన్నుకుంటుంది. మూడు లక్షలు దాటిన జనాభా ఉన్న రాజమహేంద్రవరంలో మేయరును ఎన్నుకునే భాగ్యం మాత్రం ఓటరుకు లేదు. లంక దాటి నగరానికి కాపురం మార్చిన మనిషికి తెలివి కాస్త తగ్గుతుందని మన చట్టం అభిప్రాయం కాబోలు.

ఎప్పుడూ ఇలాగే లేదు. మన రాష్ట్రంలోనే ఒకప్పుడు మేయరుకు వేరే ఓటు, కార్పొరేటరుకు వేరే ఓటు ఉండేవి. 2002లో హైదరాబాదు మేయరుగా తీగల కృష్ణారెడ్డి అలా నేరుగా ఎన్నికైనవారే. 2005 నాటికి ఆ పద్ధతి పోయి కార్పొరేటర్ల చేతికి వ్యవహారం వచ్చింది. గోదావరి డెల్టాలో కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు అనే మూడు కార్పొరేషన్లను చూస్తూ వచ్చినవారికి ఇంకో పద్ధతి కూడా బాగా పరిచయం: అసలు మేయరే లేకపోవడం. దాని సంగతి తరువాత.

ముందు ఇప్పుడున్న పద్ధతి. ఓటరు తన డివిజన్ కార్పొరేటరును గెలిపిస్తాడు. గెలిచినవారు, పదవిరీత్యా సభ్యులైన ఎమ్మెల్యేలు, ఎంపీలతో కలిసి సభలో కూర్చుని చేతులెత్తి మేయరును ఎన్నుకుంటారు. కాగితం మీద ఎంతో పెద్దమనిషి తరహా వ్యవహారం. ఆ చేతులు ఎవరి కోసం లేవాలో చెప్పేది మాత్రం పార్టీ పెద్దల దగ్గర నుంచి వచ్చే సీల్డు కవరు. కవరు తెరిచేదాకా ప్రతి ఆశావహుడూ మేయరే. కుర్చీ మహిళలకు రిజర్వు అయిందని తెలిసిన సాయంత్రానికే వీధి మొగదల ఫ్లెక్సీ లేస్తుంది. కాబోయే మేయరమ్మ బొమ్మ అరచేయంత, భర్తగారి బొమ్మ ఆరడుగులు. కవరులో వేరే పేరు వస్తే ఆ ఫ్లెక్సీని రాత్రికి రాత్రే దించి, అదే బట్టను మర్నాడు పాకమీద కప్పుతారు. ఏ వానకైనా ఆగుతుంది.

ఇక క్యాంపులు, అంటే కార్పొరేటర్లు అవతలి పార్టీకి చిక్కకుండా ఎన్నికదాకా దూరంగా దాచే విడిదులు. ఇంటి పక్కన కాలువ గట్టు మీద మురుగు పొంగుతోందని ఏడాదిగా చెబుతున్నా కదలని మనిషి, మేయరు ఎన్నిక అనగానే విమానం ఎక్కుతాడు. 2025 ఏప్రిల్‌లో విశాఖ మేయరు మీద అవిశ్వాసం పెట్టినప్పుడు కార్పొరేటర్ల విడిది మలేసియా దాకా పాకిందని పత్రికలు రాశాయి. కోనసీమలో దిండి రిసార్టు, కాలువలు, కొబ్బరితోటలు ఇంత దగ్గరగా పెట్టుకుని అంత దూరం ఎందుకు పోతారని మా ఊళ్లో పెద్దలు బాధపడతారు. దగ్గరైతే బంధువులు వచ్చి కలుస్తారు కదా, అదీ ఇబ్బంది.

ఎన్నిక రోజు ఉదయం కార్పొరేషన్ కార్యాలయం ముందు నిలబడితే చూడవలసినదంతా ఉంటుంది. ఏసీ బస్సు వచ్చి గేటు దగ్గర ఆగుతుంది. మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు వేళ్లు మడుస్తూ తలలు లెక్కపెడతారు. కొత్త కండువాలు, మడత నలగని చొక్కాలు, బాగా నలిగిన ముఖాలు. ఫోన్లు ఇంకా ఎవరి సంచిలోనో ఉంటాయి. రోడ్డవతల నిలబడిన సొంత భార్యను చూసి చేయి ఊపబోయిన కార్పొరేటరు, పక్కవాడు గుర్రుగా చూడగానే చటుక్కున దించేసుకుంటాడు. ఆ రోజు చేయెత్తడం చిన్న విషయం కాదు మరి.

ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవారు లేకపోలేదు. మా వీధిలో లెక్కల మాస్టారుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. కార్పొరేటర్లకు ఒకరి గుట్టు ఒకరికి తెలుస్తుంది కనుక వారి ఎంపికే నయమని ఆయన వాదన. పైగా పనికిరాని మేయరును దించే తాళం కూడా వారి దగ్గరే ఉంటుందంటారు. కాదనలేం. కాకినాడలో 2017 ఆగస్టు ఎన్నికల తరువాత సుంకర పావని మేయరయ్యారు. నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టరాదన్నది అప్పటి నియమం. నాలుగేళ్లు నిండాయి, 2021 అక్టోబరులో అవిశ్వాసం నెగ్గింది, సుంకర శివప్రసన్న ఆ కుర్చీలోకి వచ్చారు. ఓటరు ఇంటి నుంచి కదలకుండానే మేయరు మారిపోయారు, ఇంటిపేరు మాత్రం మారలేదు. నాలుగేళ్లు నిండేదాకా మచ్చలేని మేయర్లు, నిండిన మర్నాడే పనికిరానివారు ఎలా అవుతారో లెక్కల మాస్టారు కూడా చెప్పలేకపోయారు.

ఏలూరు కథ ఇంకా ముచ్చటైనది. 2014లో తెలుగుదేశం తరఫున షేక్ నూర్జహాన్ మేయరు. 2021లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున కూడా షేక్ నూర్జహానే మేయరు. 2024లో ఆవిడ తిరిగి తెలుగుదేశంలోకి వెళ్లారు. పార్టీల జెండాలు వచ్చి పోయాయి గానీ కుర్చీకి మనిషిని వెతుక్కునే శ్రమ తప్పింది. అన్నట్టు 2021 మార్చి 10న అక్కడ పోలింగు జరిగితే, కోర్టు వ్యవహారాల వల్ల లెక్కింపు జూలై 25న జరిగింది. కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే ఏలూరులో దోమలు ఎంత పేరుమోసినవో అందరికీ తెలుసు. నాలుగున్నర నెలలు ఆ పెట్టెల పక్కన కాపలా కాసినవారిని తలుచుకుంటే జాలేస్తుంది.

అయినా చేతులెత్తే పద్ధతిని మరీ తీసిపారేయకూడదు. రహస్య ఓటుతో మేయరును ఎన్నుకున్న చండీగఢ్‌లో 2024 జనవరి 30న ఏం జరిగిందో గుర్తుందా? మొత్తం ముప్ఫై ఆరు ఓట్లు. మా ఊరి సహకార సంఘం సర్వసభ్య సమావేశానికి అంతకన్నా ఎక్కువ మంది వస్తారు. అందులో ఎనిమిది ఓట్లు చెల్లవని ఎన్నికల అధికారి తేల్చడంతో పదహారు ఓట్ల అభ్యర్థి గెలిచి, ఇరవై ఓట్లు రావలసిన అభ్యర్థి పన్నెండుతో ఓడిపోయారు. ఆ అధికారి ఓటు కాగితాల మీద కలంతో గీతలు గీయడం కెమెరాలో పడింది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని కొట్టివేసి, ఓడినట్టు ప్రకటించిన కుల్దీప్ కుమార్‌నే మేయరుగా ప్రకటించింది. ఎత్తిన చేతి మీద ఎవరూ గీతలు గీయలేరు కదా. ఢిల్లీలో అయితే 2022 డిసెంబరులో కార్పొరేషన్ ఎన్నికలు జరిగితే మేయరు ఎన్నిక మూడుసార్లు రసాభాసగా ఆగి, నాలుగోసారి 2023 ఫిబ్రవరి 22న పూర్తయింది. దేశ రాజధానిలోనే ఇలా ఉంటే మనం కాస్త ఊరట పొందవచ్చు.

కాయ కాసేది మన చెట్టుకు, ధర తేలేది అంబాజీపేట మార్కెట్టులో. కొబ్బరి రైతుకు ఈ బాధ తెలుసు కనుక కార్పొరేషన్ ఓటరుకు జరుగుతున్నది కూడా సులువుగా అర్థమవుతుంది.

నేరుగా ఎన్నిక వస్తే మొదట మారేది తమాషా జరిగే చోటు. బస్సులో, రిసార్టులో, మూసిన తలుపుల వెనుక జరిగేదంతా వీధిలోకి వస్తుంది. మేయరు అభ్యర్థి తెల్లవారుజామున పుష్కర ఘాట్ దగ్గర నడకకు వచ్చినవారికి నమస్కారాలు పెట్టి, దేవీచౌక్‌లో ఎవరో కాల్చుతున్న అట్టును తానే తిరగేసి మాడ్చి, ఇస్త్రీ బండి దగ్గర పెట్టె అందుకుని ఎవరిదో పంచెకు మరక చేసి, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని మైకు ముందు చేతులు జోడిస్తారు. ఖర్చు ఎవరిదైనా వినోదం మనది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషి ఎవరో ఓటు వేసేముందే మనకు తెలుస్తుంది. సీల్డు కవరు రేపు తెరుచుకుంటుందని ఈరోజు ఓటు వేయవలసిన పనిలేదు.

కవరులోంచి ఎన్నటికీ బయటికి రాని పేర్లు కూడా ఈ పద్ధతిలో గెలుస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో 2015 జనవరిలో మధు కిన్నర్ అనే ట్రాన్స్‌జెండర్ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి పెద్ద పార్టీని ఓడించి మేయరయ్యారు. అంతకుముందు రైళ్లలో పాడి ఆడి పొట్టపోసుకున్న మనిషి. ఏ పార్టీ క్యాంపు బస్సులో ఆమెకు సీటు దొరికేది? ఇంకో ముచ్చట ఏమిటంటే ఆ రాష్ట్రమే 2019లో నేరుగా ఎన్నికను తీసేసి కార్పొరేటర్లకు అప్పగించింది, 2025లో మళ్లీ ప్రజలకే తిరిగిచ్చింది. ఎవరు అధికారంలో ఉంటే వారికి ఏది లాభమో అదే ప్రజాస్వామ్యం అన్నమాట.

నష్టాలూ ఉన్నాయి, దాచడం దేనికి? మేయరు ఒక పార్టీ, సభలో మెజారిటీ మరో పార్టీ అయితే వీధి దీపం వేయడానికి కూడా మహాభారతం నడుస్తుంది. డబ్బు ఖర్చు ఘోరంగా పెరుగుతుంది. డివిజన్‌కు డివిజన్‌గా పంచుకునే భారం ఒక్కరి నెత్తిన పడుతుంది, ఆ ఒక్కరు దాన్ని తరువాత ఎక్కడ రాబట్టుకుంటారో మనకు తెలియనిది కాదు. అయితే ఈ పద్ధతి మన దగ్గర పోవడానికి వీటిలో ఏదీ అసలు కారణం కాదని నా అనుమానం. రాజమహేంద్రవరం సిటీ, కాకినాడ సిటీ నియోజకవర్గాలను చూడండి. కార్పొరేషన్ హద్దులూ ఎమ్మెల్యే హద్దులూ దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నేరుగా ఎన్నికైన మేయరుకు ఎమ్మెల్యేతో సమానంగా ఓట్లు పడతాయి, ఒక్కోసారి ఎక్కువే పడవచ్చు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. శంకుస్థాపన శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న తగాదాకే ఐదేళ్లు సరిపోతాయి.

ఇంత పోటీ దేనికోసం అని చూస్తే ఇంకా నవ్వు వస్తుంది. 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టం ఒరవడిలో నడిచే మన కార్పొరేషన్లలో కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనరుది. మేయరు సభకు అధ్యక్షత వహిస్తారు, స్థాయీ సంఘం నడుపుతారు, గౌను వేసుకుని హారం ధరిస్తారు. కాలువలో గుర్రపుడెక్క తీయించే ఫైలు మీద సంతకం మాత్రం వేరేవారిది. నేరుగా ఎన్నుకుని ఇదే గౌను తొడిగితే లాభం సగమే. ఎన్నికతో పాటు సంతకం కూడా వస్తేనే ఆ ఓటుకు బరువు.

మూడో పద్ధతి గురించి చెబుతానన్నాను. రాజమహేంద్రవరం పాలకవర్గం గడువు 2019లో, కాకినాడది 2022లో ముగిశాయి. ఆ తరువాత ఏళ్ల తరబడి, ఎన్నికైనవారి బదులు ప్రభుత్వం కూర్చోబెట్టే ప్రత్యేకాధికారి పాలన. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని 74వ సవరణతో వచ్చిన 243యు అధికరణం చెబుతుంది. అది రాజ్యాంగంలో భద్రంగా ఉంది. చుట్టుపక్కల పంచాయతీల విలీనమనీ, డివిజన్ల పునర్విభజన అనీ చిక్కులు వచ్చాయి. ప్రత్యేకాధికారి పాలనలో ఫ్లెక్సీలు తగ్గాయి, అది నిజంగా మేలే. క్యాంపులు లేవు, కవర్లు లేవు. కానీ వాన వెలిసిన మర్నాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి తిట్టుకోవాలంటే ఎవరిని తిట్టాలి? అధికారి బంగళా గేటు ముందు చేరి అరిస్తే కేసు, కార్పొరేటరు ఇంటి ముందు చేరి అరిస్తే కాఫీ. గోదావరి వాడికి ఈ తేడా ప్రాణంతో సమానం. 2027 పుష్కరాలకు వచ్చే లక్షల మందికి స్వాగతం చెప్పేందుకు ఎన్నికైన మనిషి ఒకరు ఘాట్ దగ్గర ఉండటం మర్యాద కూడా.

నన్నడిగితే నేరుగా ఎన్నిక మొదటిది, కార్పొరేటర్ల ఎన్నిక రెండోది, ప్రత్యేకాధికారి చాలా దూరంలో మూడోది. మొదటిదాన్ని ఇష్టపడటానికి కారణం మంచి మేయర్లు వస్తారని కాదు. చెడ్డ మేయరు వచ్చినా ఎంచుకున్నది నేనే కనుక వెటకారం చేసే హక్కు పూర్తిగా నాదే అవుతుంది. కార్పొరేటర్లు తెచ్చిపెట్టిన మేయరును వెక్కిరిస్తే, మాకేం తెలుసండీ పైనుంచి కవరు వచ్చింది అంటారు. కవరును ఎంతని వెక్కిరిస్తాం?

మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. నిన్న మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టి అడిగారు.

"నేరుగా గెలిచినవాడు పనికిమాలినవాడైతే ఏం చేస్తావోయ్?"

"ఐదేళ్లు భరించాలండి మాస్టారూ."

"కమిషనరైతే రెండేళ్లకే బదిలీ అయిపోతాడు కదా" అని కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు.