సౌర తెరచాపా, అయాన్ ఇంజినా?

హనుమకొండలో మా బడి పిల్లలు సైన్సు ప్రదర్శనకు అంతరిక్ష నౌకను నడిపే ఈ రెండింటిలో ఏ నమూనా చేయాలని ఏటా అడుగుతారు.

ఇంధనం: తెరచాపకు అక్కరలేదు, ఎండే తోస్తుంది. విద్యుత్తుతో వాయువును వెనక్కి చిమ్మి తోసే అయాన్ ఇంజినుకు జెనాన్ వాయువు కావాలి. వెస్టా గ్రహశకలం చుట్టూ తిరిగిన నాసా వారి డాన్ నౌక 425 కిలోలు మోసుకెళ్లింది.

బలం: డాన్ ఇంజిను తోపు 90 మిల్లీన్యూటన్ల దాకా (మిల్లీన్యూటన్ అంటే న్యూటన్‌లో వెయ్యో వంతు). 2019లో ఎగిరిన లైట్‌సెయిల్-2 అనే తెరచాప నౌక తెర 32 చదరపు మీటర్లున్నా, దానిపై ఎండ తోపు ఒక మిల్లీన్యూటన్ కూడా ఉండదు. ఆ తెర మందం 4.5 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు)! సంక్రాంతి గాలిపటం కాగితాన్ని వేళ్ల మధ్య పట్టి చూడండి, అదే దీనికన్నా ఎంతో దళసరి.

చిక్కు: తెర చిరగకుండా విచ్చుకోవాలి. 2010లో జపాన్ తెరచాప నౌక ఇకారోస్ గిరగిరా తిరుగుతూ, ఒక్కో పక్క 14 మీటర్లుండే చదరపు తెరను విప్పింది. నాకది ఇప్పటికీ అపురూపమే.

బరువైన పరికరాలతో గ్రహశకలం చుట్టూ తిరగాలంటే అయాన్. తేలికపాటి నౌక ఏళ్ల తరబడి ప్రయాణించాలంటే తెరచాప. బడి బల్ల మీదికైతే మెరిసే పలుచని పొర, నాలుగు వెదురు పుల్లలు చాలు, తెరచాపే చేయండి.