ఇటలీలో నగదు: ఏ బాంకొమాత్ (ఏటీఎం) దగ్గర ఆగాలి, ఏమని అడగాలి

రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లలో చాలావరకు కార్డుతోనే పని జరిగిపోతుంది. కార్డు తీసుకోనన్న వ్యాపారికి 2022 జూన్ 30 నుంచి జరిమానా కూడా ఉంది. అయినా నగదు అవసరం ఎక్కువగా పడేది బస దగ్గరే. చిన్న అతిథి గృహాల్లో 'తస్సా ది సొజ్జోర్నో' అనే బస పన్నును మనిషికి, రాత్రికి ఇంతని అద్దెకు విడిగా, తరచూ నగదుగానే అడుగుతారు. గది తీసుకునేటప్పుడే "సి ప్వో పగారె కొన్ లా కార్తా?" (కార్డుతో కట్టొచ్చా?) అని అడిగేయండి. "సోలో కొంతాంతి" అంటే నగదు మాత్రమేనని.

ఏటీఎంను అక్కడ బాంకొమాత్ అంటారు. "స్కూజి, దోవే ఇల్ బాంకొమాత్ ప్యూ విచీనో?" అంటే దగ్గరలోని ఏటీఎం చూపిస్తారు. పలికేటప్పుడు 'ట' వద్దు, మన 'త' సరిగ్గా సరిపోతుంది.

స్టేషన్ల దగ్గర, పర్యాటకులు గుమిగూడే వీధుల్లో బ్యాంకు శాఖ ఏదీ లేకుండా విడిగా కనిపించే యంత్రాలు చేతికి అందుబాటులో ఉంటాయి గానీ ఖరీదెక్కువ. రుసుము వేసి, పైగా రూపాయల్లోకి మార్చి చూపిస్తాయి. ఇంతెసా సాన్‌పావోలో, యూనిక్రెడిట్, బీఎన్‌ఎల్ లాంటి బ్యాంకుల గోడకున్న యంత్రాలే మేలు. చిన్న ఊళ్లలో పోస్టాఫీసు వాళ్ల పోస్తమాత్ ఉంటుంది.

తెర మీద ఇంగ్లిష్ ఎంచుకోవచ్చు కాబట్టి భాషతో చిక్కు లేదు. అసలు జాగ్రత్త రూపాయలా, యూరోలా అని అడిగే పేజీలో కావాలి. యంత్రం చేసే మార్పిడి రేటు మనకు నష్టం కాబట్టి, అక్కడ మార్పిడి వద్దని చెప్పి యూరోల్లోనే కొనసాగించండి. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డుతో రూపాయలకు ఒప్పుకుంటే ఇంకా నష్టం: యూరోలు రూపాయలై, మళ్లీ యూరోలై, రెండుసార్లు కోత పడుతుంది.

కార్డు తిరస్కరిస్తే ముందు మీ బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, అందులోనూ ఏటీఎం వాడకం విడిగా ఆన్ అయి ఉన్నాయో చూడండి. రిజర్వ్ బ్యాంక్ 2020 నిబంధనల తర్వాత వచ్చిన కార్డుల్లో మనం తెరిస్తే తప్ప అది మూసే ఉంటుంది. అది సరిగానే ఉంటే మొత్తం తగ్గించి చూడండి. ఒకసారికి 250 యూరోల దగ్గరే ఆగే యంత్రాలున్నాయి.

వీలైతే సోమవారం నుంచి శుక్రవారం లోపు, ఉదయం పూట, శాఖ తెరిచి ఉన్నప్పుడు తీయండి. కార్డు బయటికొచ్చాక వెంటనే తీసుకోకపోతే యంత్రం లోపలికి లాగేసుకుంటుంది. అప్పుడు లోపలికెళ్లి "ఇల్ బాంకొమాత్ ఆ త్రత్తెనూతో లా మీఆ కార్తా" (ఏటీఎం నా కార్డు పట్టేసింది) అని చెప్పొచ్చు. శాఖ మూసి ఉంటే యాప్‌లో కార్డు ఆపేయడమే దారి. డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే "నోన్ మి ఆ దాతో ఇ సోల్ది" (నాకు డబ్బు ఇవ్వలేదు) అనండి. సమయం, యంత్రం ఉన్న చోటు రాసుకుని, రసీదు వస్తే దాచుకుని, మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.

కార్డు దొంగతనమైతే మాట "మి అన్నో రుబాతో లా కార్తా". ముందు కార్డు ఆపి, ఆ తర్వాత పోలీసుల దగ్గర 'దెనూంచా' (ఫిర్యాదు) రాయించి నకలు తీసుకోండి. మీ బ్యాంకు గానీ, ప్రయాణ బీమా సంస్థ గానీ ఆ కాగితం అడగొచ్చు. అత్యవసరమైతే 112.