ఒక్క కేబుల్ మీద మూడు నెట్‌వర్కులు: 8 పోర్టుల స్మార్ట్ స్విచ్‌తో నాలుగేళ్లు

ఇల్లు కట్టేటప్పుడు పై అంతస్తుకు గోడలో సన్నటి పైపు ఒక్కటే వేయించాం. అందులో పట్టింది ఒకే ఈథర్నెట్ కేబుల్. తీరా చూస్తే పైన మూడు అవసరాలు: మా ల్యాప్‌టాప్‌లు, సీసీ కెమెరాలు, అద్దెకున్నవాళ్ల వైఫై. గోడ పగలగొట్టడం ఇష్టం లేక కింద ఒకటి, పైన ఒకటి పెట్టేలా రెండు గిగాబిట్ స్మార్ట్ స్విచ్‌లు (ఒకే కేబుల్‌ని విడి నెట్‌వర్కులుగా పంచగలిగేవి) కొన్నాను. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. నాలుగేళ్లుగా రాత్రీపగలూ నడుస్తూనే ఉన్నాయి.

మొదటి వారం మాత్రం చుక్కలు చూపించాయి. ఒకే తీగ మీద విడిగా నడిచే ఒక్కో నెట్‌వర్కునూ వీలాన్ అంటారు, దానికో నంబరు ఉంటుంది. ఇంటికి వీలాన్ 10, కెమెరాలకు 20, అద్దెవాళ్లకు 30 అనుకున్నాను. గోడలో కేబుల్ తగిలించిన పోర్టు ట్రంక్, అంటే మూడూ ఒకే దారిలో, ఏది ఏ వీలాన్‌దో చెప్పే ట్యాగ్‌తో వెళ్లాలి. స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించినట్టే: ఎవరింట్లో కలిసిపోయినా ఎవరిదో తెలుస్తుంది. 802.1క్యూ అనే వీలాన్ ప్రమాణం ప్రకారం ఆ ట్యాగ్ 4 బైట్లు, అందులో 12 బిట్లు వీలాన్ నంబరుకు.

అన్నీ పెట్టినా పైన కెమెరాకు ఐపీ (నెట్‌వర్కులో దాని చిరునామా) రాలేదు. కెమెరా పోర్టును 20లో అన్‌ట్యాగ్డ్‌గా (బయటికి ట్యాగ్ లేకుండా పంపేలా) చేర్చాను కానీ, పీవీఐడీ అనేది, అంటే ట్యాగ్ లేకుండా లోపలికి వచ్చే డేటాను ఏ వీలాన్‌లో వేయాలో చెప్పే నంబరు, వేరే పేజీలో ఉందని చూడలేదు. అది 1 గానే ఉండిపోయింది. కెమెరా వైపు వెళ్లేవి 20లోంచి వెళ్తున్నాయి, కెమెరా పంపేవి వచ్చి 1లో పడుతున్నాయి. రెండు రాత్రులు పోయాయి దీనికి. ఆ రెండూ ఒకే పేజీలో పెడితే వీళ్ల సొమ్మేం పోయిందో!

తర్వాత 30ని పై స్విచ్‌లో ట్రంక్‌కి కలిపి, కింద కలపడం మర్చిపోయాను. పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. ట్రంక్ రెండు కొసల్లోనూ ఒకేలా ఉండాలని అప్పుడు బుర్రకెక్కింది. సేవ్ బటన్ కూడా విడిగా ఉంటుంది. అది నొక్కని రోజే కరెంటు పోయింది, చేసిందంతా గోవిందా.

కొనేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఖర్చు గురించి. స్విచ్ ఒక్కటే చాలదు. రూటర్‌కీ వీలాన్ తెలియాలి. కనెక్షన్‌తో పాటు నాకు ఇచ్చినదానికి తెలియదు, వేరేది కొన్నాను. రెండు వైఫై పేర్లు రెండు వీలాన్లలోకి వెళ్లాలంటే యాక్సెస్ పాయింట్‌కి (వైఫై ఇచ్చే పెట్టెకి) వెళ్లే పోర్టు కూడా ట్రంకే కావాలి.

నాకు ఇప్పటికీ నచ్చని సంగతి ఒకటుంది: స్విచ్ లాగిన్ పేజీ ఏ వీలాన్ నుంచైనా తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ గట్టిగా పెట్టాను కానీ మనసులో కాస్త టెన్షనే.

మొన్న టీవీలకు వీలాన్ 40 కలిపాను. పది నిమిషాల్లో అయిపోయేదే. పీవీఐడీ మళ్లీ మర్చిపోయాను.